బ్యాకు నిలబడిపోయినాడు

వెంకటలక్ష్మమ్మ వంటింట్లో మసిగుడ్డకు ఎన్నడూ కరువు లేదు. అన్నం కుండ దించడానికి మెరూన్ రంగుది, సంగటి గిన్నె పట్టుకోవడానికి పసుపుపచ్చది, గట్టు తుడవడానికి నీలంది. మెరూన్‌ది సేలంలో ఏదో నూలుమిల్లు టీము బనీను. పసుపుపచ్చది మద్రాసులో లారీల కంపెనీది. నీలంది హుబ్లీ వైపు ఒక బ్యాంకుది. దాని వీపు మీద మూడో నంబరు ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఒక్కో బనీను ఒక్కో సీజను. పక్కింటి ఆడవాళ్ళ మొగుళ్ళ ఉద్యోగాలు ఆఫీసు బీరువాల్లో భద్రంగా ఉంటే, ఈమె మొగుడిది పొయ్యి పక్కన తీగ మీద ఆరుతూ ఉండేది.

ఆమె మొగుడు నంజుండప్ప హాకీ ఆటగాడు. అందులోనూ ఫుల్ బ్యాక్. అంటే గోల్ కొట్టేవాడు కాదు, ఎదుటివాడు కొట్టకుండా అడ్డం పడేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు ఈ తేడా తెలియదు. "నీ మొగుడు ఎన్ని గోల్స్ కొట్టినాడమ్మా?" అని మేనత్త అడిగితే, ఇంటికి వచ్చి ఆ ప్రశ్న అతనికే అప్పగించింది.

"ఒకటీ లేదు" అన్నాడు నంజుండప్ప.

"ఇన్నేండ్లుగా ఆడతా ఉండావు, ఒకటి గూడా లేదా?"

"ఎదుటోణ్ణి కొట్టనిచ్చింది యాడుండాది? అది అడగమను మీ అత్తను."

పేపర్లో అతని ఫోటో ఒకేసారి పడింది. ఎవరో కుర్రవాడు గోల్ కొట్టి చేతులు పైకెత్తి ఉన్నాడు. వాడి వెనకాల నేల మీద రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. అవి నంజుండప్పవి. పిక్కల ముందు దెబ్బలకు రోజూ పసుపూ సున్నమూ రాసేది తనే కాబట్టి వెంకటలక్ష్మమ్మ ఇట్టే గుర్తుపట్టింది. అత్త మారమ్మ ఆ ఫోటో కత్తిరించి పటం కట్టించి, దేవుడి పటాల వరసలో చివర తగిలించింది. పండగనాడు ఆ కాళ్ళకూ ఒక బొట్టు పడేది.

తెల్లదొరలు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వదిలిపోతూ బంగ్లాలు, క్లబ్బు, హాకీ ఆట వదిలిపోయారు. గనులు సర్కారు చేతికి వచ్చాక బంగ్లాల్లోకి ఆఫీసర్లు చేరారు, క్లబ్బులోకి ఆఫీసర్ల భార్యలు చేరారు, లైన్లలో, అంటే వరస కొట్టాల్లో, ఉండే కూలీల పిల్లలకు హాకీ మిగిలింది. బంగారం తీసేశాక పోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కన, గులకరాళ్ళ నేల మీద ఆడి నేర్చినవాళ్ళు. ఆ నేల మీద బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. దాన్ని ఆపడం వచ్చినవాడికి ఏ ఊళ్ళోనైనా ఆపడం వస్తుంది. అందుకని టోర్నమెంట్లు దగ్గరపడితే బయటి ఊళ్ళ టీములవాళ్ళు కేజీఎఫ్‌కు వచ్చి, సంతలో ఎద్దుల పళ్ళు పట్టి చూసినట్టు ఒకరిద్దరిని చూసి తోలుకుపోయేవాళ్ళు. ఆ తోలుకుపోయినవాణ్ణి గెస్ట్ ప్లేయర్ అంటారు. గెస్ట్ అంటే తెలిసిందే. తినిపిస్తారు, పడుకోబెడతారు, ఎప్పుడు వెళ్తావని అడుగుతారు.

"ఈ కప్పు ఒకటి కానీ నంజుండప్పా, పర్మనెంట్ చేసేస్తాం" అని ప్రతి టీమువాళ్ళూ అన్నారు. కప్పు వచ్చిన చోట మేనేజరు మారాడు. మేనేజరు మారని చోట కప్పు రాలేదు. రెండూ కుదిరిన నూలుమిల్లులో టీమునే ఎత్తేశారు.

అయినా అతను పోతూనే ఉన్నాడంటే దానికి కారణం ఉంది. తండ్రి దొడ్డమునియప్ప గనిలో రాయి తొలిచి, రాతిపొడి ఊపిరితిత్తుల నిండా నింపుకుని, మంచం పట్టి పోయినవాడు. పోయేముందు ఇద్దరు కొడుకులనూ పిలిచి, "ఒకడైనా పైన ఉండండిరా" అన్నాడు. పెద్దవాడి కాళ్ళలో ఆట ఉంది. చిన్నవాడు సీనప్ప కాళ్ళలో ఏముందో ఎవరూ చూడలేదు. "నీ కాళ్ళు ఆటకు పోనీ అన్నా, నావి కేజీలోకి పోతాయిలే" అన్నాడు వాడు. కేజీ అంటే మనుషులను షాఫ్టులోకి, గని నిలువుబావిలోకి, దింపే ఇనుపబోను. మీసం సరిగా రాకముందే అందులో దిగాడు. అన్నదమ్ములు ఒక మాట అనుకున్నారు: నంజుండప్పకు బయట పర్మనెంట్ ఉద్యోగం వచ్చిన రోజు, అదే చోట ఏదో ఒక పని చూసి తమ్ముణ్ణి పైకి లాగాలి. ఆ మాట కోసమే ఈ బనీనులన్నీ.

ఢిల్లీలో ఏషియాడ్ జరిగిన ఏటికి అతనికి ముప్పయి దాటి మూడేళ్ళు. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీ టీముకు ఆడుతున్నాడు. పెద్ద పెద్ద సుత్తి మిషన్లతో ఎర్రగా కాలిన ఇనుమును కొట్టి, యంత్రాల భాగాలు చేసే ఫ్యాక్టరీ. బనీను ఆకుపచ్చది. అక్కడ స్పోర్ట్స్ ఆఫీసర్ శ్రీనివాసప్ప మంచివాడే. మంచివాడు కాబట్టే నిజం చెప్పాడు.

"నంజుండప్పా, ఇంగ నేల మీద ఆట అయిపోతా ఉండాది. అంతా పచ్చ చాప పరచి దాని మీద ఆడతారంట. దాని మీద బంతి గుర్రం మాదిరి పోతాది, నీ వయసువాళ్ళు దాన్ని చూసి నమస్కారం పెట్టేదే. ఈ సీజనే నీకు కడాది, దీని తరవాత లేదు. కేజీఎఫ్‌లో ఫైనల్ గెలిస్తే నేను ఫ్యాక్టరీ పెద్దాయన దగ్గర కూర్చుని సంతకం పెట్టిస్తా. ఓడిపోతే నా నోరు లేవదు."

ఈ మాటలు ఇంటికి తెచ్చి నంజుండప్ప సంగటి ముద్ద ముందు కూర్చుని చెప్పాడు.

"మన ఊళ్ళోనే ఫైనలు" అంది మారమ్మ సంబరంగా. "మన నేల నాయినా. మోసం చేయదు."

వెంకటలక్ష్మమ్మ కంచంలో ఇంకో ముద్ద వేసింది. కురుడుమలె గణపతికి మనసులోనే ఒక మొక్కు మొక్కుకుంది. ఏనుగంత దేవుడు, ఒక పర్మనెంట్ ఆర్డరు ఆయనకు బరువా అనుకుంది.

ఇక్కడ మా బంగారు గనుల సంగతి ఒకటి చెప్పాలి. భూమి లోపల చాలా లోతుకు తవ్వేసరికి, పైనున్న బరువుకు అప్పుడప్పుడు లోపలి బండ పగులుతుంది. పగిలినప్పుడు పైన ఊరంతా అదురుతుంది. గూట్లో గిన్నెలు గలగలమంటాయి, గోడల సున్నం రాలుతుంది. అదురు వచ్చిందంటే కేజీఎఫ్‌లో ఎవరి చేతిలో పని వాళ్ళ చేతిలోనే ఆగిపోతుంది. అందరి చూపూ షాఫ్టు మీద కేజీని దింపి ఎక్కించే పెద్ద చక్రం వైపు తిరుగుతుంది. చక్రం ఎప్పటిలా తిరుగుతూ ఉంటే సరి, లోపల అంతా క్షేమం. చక్రం ఆగి, మళ్ళీ గబగబా తిరిగిందంటే ఎవరినో పైకి తెస్తున్నారని అర్థం. మంగలి కత్తి గడ్డం మీదే ఆగుతుంది. చర్చిలో పాట నోట్లోనే ఆగుతుంది. కుళాయి దగ్గర తిట్టుకునే ఆడవాళ్ళు తిట్టు సగంలో ఆపి, చక్రం చూసి, క్షేమమని తేలాక మిగతా సగం పూర్తి చేస్తారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నడక వచ్చేటప్పుడే ఇదీ వస్తుంది.

ఫైనలు శనివారం సాయంత్రం. మైదానం చుట్టూ ఊరంతా ఉంది. ఎదుటి టీము ఉత్తరాది నుంచి వచ్చింది, ఒక్కొక్కడూ తలుపంత ఉన్నాడు. ఫ్యాక్టరీ టీములో మిగతావాళ్ళంతా బెంగుళూరు, మంగళూరు, కొడగు పిల్లలు. కేజీఎఫ్‌వాడు నంజుండప్ప ఒక్కడే. అయినా ఆకుపచ్చ టీమును ఊరు తనదే చేసుకుంది.

వెంకటలక్ష్మమ్మ, మారమ్మ తాడు పక్కన చాప వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక నిలబడిన సెబాస్టియన్ పక్కింటివాడు, ఒకప్పటి గోల్‌కీపరు. కడుపు పెరిగి ఆట మానేశాడు గాని నోరు ఇంకా ఆడుతూనే ఉంది.

"నంజుండా! ఎడమ పక్క వస్తా ఉండాడప్పా ఆ మీసాలోడు! వాడికి దోవ చూపించకు, అడ్రసు తెలీదు వాడికి!"

ఆట మొదలైన కాసేపటికి వెంకటలక్ష్మమ్మ భుజం ఎవరో తట్టారు. తల మీద తువ్వాలు ముసుగేసుకున్న సీనప్ప. చేతిలో శనక్కాయల పొట్లం.

"నువ్వేందప్పా ఈడ? షిఫ్టుకు పోలేదా?"

"మెల్లగా వదినా. ఎగ్గొట్టినా. అన్న కడా ఆట గదా, చూడకుండా ఎట్లుండేది? అన్నకు చెప్పొద్దు, నీ కాళ్ళకు దండం పెడతా. పని మానితే కొడతాడు."

"నీయన్న చూడడనుకున్నావా?"

"అన్నకు బంతి తప్ప ఏమీ కనపడదు. నేను ఆ పక్క గోడెక్కి కూర్చుంటా." శనక్కాయలు నాలుగు ఆమె ఒళ్ళో పోసి జారుకున్నాడు. మారమ్మ ఆట మీదే కళ్ళు పెట్టి ఉంది, వాణ్ణి చూడలేదు. వెంకటలక్ష్మమ్మ నవ్వుకుని శనక్కాయ వలిచింది.

నంజుండప్ప ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదని సెబాస్టియన్ తరవాత చాలా ఏళ్ళు చెప్పాడు. వచ్చిన బంతిని వచ్చినట్టు ఆపాడు. కొన్ని నిలబడి ఆపాడు, కొన్ని మోకాళ్ళ మీద వంగి, ఒకటి పొట్ట మీద జారి స్టిక్కు చాచి. హాఫ్ టైముకు ఇరుపక్కలా సున్నా. చివరి నిమిషాలకు వచ్చేసరికీ సున్నాయే. బ్యాకుకు ఆ సున్నా కంటే పెద్ద మార్కు లేదు. ఎదుటివాళ్ళ గోల్ ముందు మనవాళ్ళు గుమిగూడి ఉన్నారు, ఇంకాసేపట్లో ఒకటి పడుతుందన్నట్టే ఉంది.

అప్పుడు ఉత్తరాది మీసాలవాడికి బంతి దొరికింది. మైదానం సగం ఒక్కడే దాటి వచ్చాడు. ఎదురుగా నంజుండప్ప. వాళ్ళిద్దరి మధ్య నాలుగు బారల నేల. నంజుండప్ప నడుం వంచి, స్టిక్కు నేలకానించి, వాణ్ణి ఎటు తోయాలో అటు తోయడానికి సిద్ధంగా ఉన్నాడు.

భూమి అదిరింది.

పెద్ద అదురేమీ కాదు. చాప కింద ఎవరో దొర్లినట్టు. మైదానం చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారి నోరు మూసుకుని పడమటి వైపు, చక్రం వైపు తిరిగింది. సెబాస్టియన్ "నంజు" అని సగం పేరుతో ఆగాడు. మారమ్మ చాప మీద నుంచి లేచి నిలబడింది. సోడాబండివాడు సోడా కొట్టబోయి ఆగాడు. బయటి ఊళ్ళ ఆటగాళ్ళు, బెంగుళూరు అంపైరు, వీళ్ళకు మాత్రం ఏమీ కాలేదు. ఏదో లారీ పోయిందనుకున్నారు.

వెంకటలక్ష్మమ్మ ఒక్కతే చక్రం వైపు తిరగలేదు. ఆమె ఇంటి మనిషి కింద లేడని ఆమెకు తెలుసు. ఒళ్ళో వాడిచ్చిన శనక్కాయలే ఉన్నాయి. అందుకని ఆమె మొగుణ్ణి చూసింది.

నంజుండప్ప నడుం నిటారైంది. తల పడమటికి తిరిగింది. ఈ మధ్యాహ్నం షిఫ్టులో తమ్ముడు కింద ఉన్నాడు, అతనికి తెలిసింది అంతే. చక్రం తిరుగుతూనే ఉంది. జనం చూపులన్నీ చక్రం మీదే ఉండగా, అతని చూపు ఒక్కటే కిందికి దిగింది. చక్రానికి సరిగ్గా కింద, మైదానం గోడ మీద, తల మీద తువ్వాలు జారిపోయి, నోట్లో శనక్కాయతో సీనప్ప కూర్చున్నాడు.

ఆమె మొగుడి మొహం చూసింది. చక్రం చూసి అతను ఆగింది ఒక్క క్షణమే. అంతమాత్రానికి మీసాలవాడు అతన్ని దాటగలిగేవాడు కాదు, వెనక నుంచైనా అందుకునేవాడు. కాని తమ్ముణ్ణి చూశాక అతని చేతిలో స్టిక్కు వాలిపోయింది. పిల్లవాడు బావిలో పడ్డాడనుకుని పరుగెత్తిన తల్లి, వాడు బావిగట్టు మీద ఆడుతుంటే చూసి కూలబడిపోతుందే, అట్లా. నిలబడే ఉన్నాడు. కాని నిలబడినవాడిలో మనిషి లేడు.

మీసాలవాడు పక్క నుంచి పోయాడు. బంతి గోల్ వెనక చెక్కకు తగిలిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో గట్టిగా వినిపించింది. వాడు చేతులు పైకెత్తి జనం వైపు తిరిగాడు. జనం వీపులు కనిపించాయి. అంతమంది ఉన్న మైదానంలో కేజీఎఫ్ మనిషి ఒక్కడు కూడా చూడని గోల్ అది. చూసింది వెంకటలక్ష్మమ్మ ఒక్కతే, ఆమె చూసింది గోల్‌ను కాదు.

అంపైరు విజిలు ఊదాడు. కాసేపటికే మరోసారి ఊదాడు. అంతటితో ఆట అయిపోయింది.

ఆట ముగిసిన కాసేపటికి ఇంటి ముందు జనం మూగారు. అన్నేళ్ళు అన్ని కప్పులకు ఆడినప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పుడు వచ్చారు.

"తమ్ముడి కోసం కప్పు వదిలేసినాడమ్మా" అన్నాడు సెబాస్టియన్ మారమ్మతో, కళ్ళు తుడుచుకుంటూ. "ఆటగాళ్ళు ఊరికొకడు ఉంటాడు. ఇట్లాంటి అన్న యాడుంటాడు?"

మారమ్మ అందరికీ టీ పోయించింది. కింద ఏమీ కాలేదని అప్పటికే తెలిసింది. ఎక్కడో పాత సొరంగంలో, మనుషులు పోని చోట, ఏదో బండ ఒళ్ళు విరుచుకుందట. ఆసరా దుంగ ఒకటి కూడా విరగలేదు.

పొద్దు గూకుతుండగా సీనప్ప వచ్చాడు. మొహానికీ చేతులకూ దుమ్ము పూసుకుని, చేతిలో టిఫిన్ క్యారియరు ఊపుకుంటూ. జనం వాణ్ణి చుట్టుకున్నారు. వాడు అందరి కళ్ళలోకీ చూశాడు, అన్న కళ్ళలోకి తప్ప.

"అదురు వచ్చిందని తొందరగా పైకి పంపించినారన్నా" అన్నాడు.

"పని బాగా జరిగిందా?" అన్నాడు నంజుండప్ప.

"జరిగిందన్నా."

"షర్టు మీద శనక్కాయ పొట్టు ఉండాది. దులుపుకో."

ఆ మాట అంతటితో ఆ ఇంట్లో ముగిసింది. తరవాత దాన్ని ఎవరూ ఎత్తలేదు. సీనప్ప ఆ రోజు నుంచి శనక్కాయ తినలేదు. వాడికి అదొక్కటే ప్రాయశ్చిత్తం తోచింది పాపం.

శ్రీనివాసప్ప వ్యాను ఎక్కేముందే చెప్పేసి పోయాడు. "ఇంగ చాలు నంజుండప్పా. బనీను నువ్వే ఉంచుకో."

వారం రోజులు నంజుండప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వెంకటలక్ష్మమ్మ అది చూడలేకపోయింది. కురుడుమలె గణపతికి మొక్కు తీర్చాలని అత్తకు చెప్పి, మారికుప్పం స్టేషనుకు వెళ్ళి బెంగుళూరు బండెక్కింది. గణపతి దగ్గరికి ఆ బండి పోదని అత్తకు తెలుసో లేదో. ఆయన చేయని పని తనే చేయిస్తే మొక్కు చెల్లినట్టే కదా అని ఆమె లెక్క.

ఫ్యాక్టరీలో శ్రీనివాసప్ప కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. పక్కన నూనె మరకల ఖాకీ షర్టుతో ఒక పెద్దమనిషి ఏదో పని మీద వచ్చి కూర్చుని ఉన్నాడు. సుత్తి మిషన్ల షాపుకు ఆయన ఫోర్‌మన్.

"అయ్యా, అది ఆయన తప్పు కాదు" అని మొదలుపెట్టింది వెంకటలక్ష్మమ్మ. "మా ఊళ్ళో భూమి అదిరితే ఎవరైనా..."

ఢబ్ అని చప్పుడైంది. బల్ల మీద కాఫీ లోటా అదిరింది. ఆమె మాట ఆపి కిటికీ వైపు తిరిగింది. కిటికీలో చక్రం లేదు. ఒక పొగగొట్టం ఉంది.

"చెప్పమ్మా."

"...ఎవరైనా నిలబడతారయ్యా. అది ఒంట్లో ఉండే అలవాటు. పుట్టినప్పటి నుంచీ..."

మళ్ళీ ఢబ్. మళ్ళీ ఆమె తల కిటికీ వైపు తిరిగింది.

"...పుట్టినప్పటి నుంచీ వచ్చేది. కావాలని చేసింది కాదు. ఆయన మాదిరి బ్యాకు మీకు..."

ఢబ్.

శ్రీనివాసప్ప పాపం నవ్వకూడదనే అనుకున్నాడు. నవ్వు వచ్చేసింది. "చూడమ్మా. నువ్వు వచ్చి ఇంతసేపు కాలేదు, ఎన్నిసార్లు ఆగినావో చూసుకున్నావా? అది మా సుత్తి. రోజంతా కొడతానే ఉంటాది. ఆట ఉద్యోగమని పేరే గాని, పర్మనెంట్ చేస్తే ఆ షాపులోనే వేయాలి. నీ మొగుడు అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటాడు."

 అంత దూరం వచ్చి, తన మొగుడి మీద సాక్ష్యం తనే చెప్పినట్టయింది.

ఫోర్‌మన్ నిట్టూర్చాడు. "నాకూ అదే గోల తల్లీ. ఎవణ్ణి పెట్టినా నెల తిరగకముందే ఆ అదురుకు పారిపోతాడు. మీ ఊళ్ళో ఆగనివాడు ఒక్కడైనా లేడా?"

ఆమె కాఫీ లోటా దూరంగా తోసింది. ఆ కోపానికే నోరు కొంచెం వంకర తిరిగింది. "ఎందుకు లేడు? మా మరిది ఉండాడు. రాయి తొలిచే మిషను పట్టుకుని అదురులోనే బతికేవాడు. ఊరంతా నిలబడినా వాడు నిలబడడు. శనక్కాయలు నమలతా కూర్చుంటాడు."

ఎత్తిపొడుపుగా అన్నది. ఫోర్‌మన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"వయసెంత?"

సాయంత్రం బండిలో ఆమె ఒళ్ళో అరటిపళ్ళు ఉన్నాయి, గణపతి ప్రసాదమని చెప్పడానికి కంటోన్మెంటు స్టేషన్లో కొన్నవి. పర్మనెంట్ ఉద్యోగం కూడా దొరికింది. తెచ్చిన వస్తువు సరైనదే, అడ్రసే తప్పు.

ఇంట్లో విషయం చెప్పినప్పుడు సీనప్ప ఎగిరిపడ్డాడు. "నేను పోను వదినా! అది అన్నది. అన్న పోయి నన్ను లాగాలనుకున్నాము గాని..."

"ఎవుడు ముందు బయటపడితే వాడు లాగాలనుకో" అన్నాడు నంజుండప్ప. గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే ఉన్నాడు. "పో రా. పోయి నువ్వు లాగు."

"లాగుతానన్నా. సత్యంగా లాగుతా."

"నమ్ముతాలే."

సీనప్ప పోయాడు. గనిలో ఒక మనిషి తక్కువయ్యేసరికి, వాడి మేస్త్రీ తెలిసిన ఇల్లని నంజుండప్పను పనిలోకి తీసుకున్నాడు. ఆటగాడికి పైన తేలిక పని ఇచ్చే రోజులు పోయాయి. అతను తమ్ముడి హెల్మెట్టు పెట్టుకుని, తమ్ముడు దిగిన కేజీలోనే దిగాడు. మొదటి రోజు పంపించి వచ్చి మారమ్మ గడప మీద చతికిలబడింది.

"ఒకడైనా పైన ఉండాలన్నాడు మీ మామ" అంది కోడలితో. "ఉండాడు గదా ఒకడు. ఎవుడని ఆయన చెప్పలేదు."

సీనప్ప నెలకో ఆదివారం మారికుప్పం బండి దిగి వస్తాడు. స్వీటు పొట్లాం తెస్తాడు. ఫోర్‌మన్‌తో మాట్లాడానని, పై నెల ఖాళీ రావచ్చని చెప్తాడు. లాగడం నిజంగానే లాగుతున్నాడు. తాడు పొడుగు ఎక్కువ, అంతే.

ఆకుపచ్చ బనీనును వెంకటలక్ష్మమ్మ చాలా రోజులు ముట్టలేదు. ఒకనాడు మెరూన్‌ది చిరిగి పోగులైతే, దీన్ని తీసి నాలుగు మడతలు పెట్టింది. ఆ మధ్యాహ్నమే దాంతో అన్నం కుండ పట్టుకుని ఉండగా గూట్లో గిన్నెలు గలగలమన్నాయి.

ఆమె పొయ్యి ముందు నిలబడిపోయింది. తరవాత కుండ అక్కడే వదిలి, గుడ్డ చేతిలో పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. లైను పొడుగునా ఆడవాళ్ళు వాకిళ్ళలో నిలబడి ఉన్నారు. సెబాస్టియన్ సగం గీసిన గడ్డంతో వచ్చాడు. చక్రం తిరుగుతూ ఉంది. ఎప్పటి మాదిరే తిరుగుతూ ఉంది. ఒక్కొక్కరూ లోపలికి పోయారు. ఆమె మాత్రం అది తిరుగుతున్నంతసేపూ, నమ్మకం లేనిదాని మాదిరి, చూస్తూనే ఉంది. లోపల అన్నం మాడిన వాసన వచ్చాక కదిలింది.

కాసేపటికే పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన నంజుండప్ప కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"ఈ పొద్దు అదిరింది గదా" అంది ఆమె, కంచం పెడుతూ. "కింద ఏం చేసినారు?"

"ఏం చేసేది?"

"నిలబడలేదా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. చాలా రోజుల తరవాత చూశాడు.

"కింద ఎవురు నిలబడతారే? ఎవురి కోసం చూసేది? చూసేదానికి చక్రం యాడుండాది ఆడ? పైన మట్టి రాలతాది, దులుపుకుంటారు. నేను మొదటిసారి నిలబడితే మేస్త్రీ అన్నాడు, ఏమప్పా, రాయి నీకు చుట్టమా, ఇంగ చాలు మిషను పట్టు అని. నిలబడేది పైనోళ్ళ పనే."

"సీనప్పకు ఈ సంగతి తెలుసునా?"

"వాడికి మొదట్నుంచీ తెలుసు."

"మరి ఎన్నడూ చెప్పలేదే?"

"మనం ఎన్నడూ అడగలేదు గదా."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

"అన్నం మాడింది."

"నిలబడినాను" అంది వెంకటలక్ష్మమ్మ.

అతను గరిటె అందుకున్నాడు. కుండ దగ్గరికి లాక్కున్నాడు. అది ఇంకా కాలుతూ ఉంటే ఆకుపచ్చ గుడ్డతో పట్టుకుని, గరిటెతో అడుగంటా గీకి, మాడిన చెక్కంతా తన కంచంలోనే వేసుకున్నాడు.